డాఫ్ట్ పంక్ ‘అలైవ్ 2007’: మన బాక్సుల మీద ఎలా మోగుతుంది?

పాటలు విడివిడిగా ఏరుకుని వేసుకునేవాళ్లు ఈ ఆల్బమ్ జోలికి పోకపోవడమే మేలు. దాదాపు 74 నిమిషాల కచేరీ ఇది, ట్రాకుకీ ట్రాకుకీ మధ్య ఎక్కడా ఊపిరి తీసుకోదు. మధ్యలో కోస్తే ఊపు అక్కడితో సరి.

2007 జూన్ 14న పారిస్ బెర్సీ ఇండోర్ స్టేడియంలో రికార్డు చేసి, ఆ నవంబరులో విడుదల చేశారు. డాఫ్ట్ పంక్ అంటే ఎలక్ట్రానిక్ సంగీతం చేసే ఇద్దరు ఫ్రెంచివాళ్లు: తోమా బంగాల్తేర్, గీ మానుయెల్ ద ఓమెం క్రిస్తో. రోబో హెల్మెట్లు పెట్టుకుని వెలుగుల పిరమిడ్‌లో నిలబడి వాళ్లు నడిపిన కచేరీ ఇది. పాటల ముక్కల్ని అక్కడికక్కడే కలిపే ఏబుల్‌టన్ లైవ్ సాఫ్ట్‌వేరు, మినీమూగ్ సింథులు (కరెంటుతో స్వరాలు పుట్టించే కీబోర్డులు), వాటిని నడిపే బటన్ల కంట్రోలర్లు వాళ్ల సామాను. ‘బటన్లు నొక్కడం కూడా లైవేనా?’ అని పాలకొల్లు, అమలాపురం ఆర్కెస్ట్రావాళ్లు అడిగితే తప్పులేదు. తబలా, కీబోర్డు వాయించే అర్థంలో ఇది లైవ్ కాదు. ఒక పాట మీద ఇంకో పాటని ఎప్పుడు ఎక్కించాలి, దేన్ని ఎప్పుడు దించెయ్యాలి అన్న లెక్కలోనే వీళ్ల పనితనమంతా ఉంది.

ఆ లెక్క తెలియాలంటే 5వ ట్రాకు వినాలి. ‘అరౌండ్ ద వరల్డ్’, ‘హార్డర్ బెటర్ ఫాస్టర్ స్ట్రాంగర్’ రెండూ నిమిషానికి 121, 123 దరువుల దగ్గర నడిచే పాటలు. కాబట్టి వేగం పెద్దగా మార్చక్కర్లేదు, అతుకు సులువే. కష్టమల్లా రెండింట్లోనూ రోబో గొంతులే ఉండటం. రెండూ ఒకేసారి మోగితే ఏదీ అర్థం కాదు. అందుకే ఒకటి తగ్గాకే ఇంకోటి లేస్తుంది, రెండూ కలిసినచోట కూడా అక్షరాలు ఒకదాన్నొకటి తొక్కవు. మన డీజే కుర్రాళ్లు రెండు పాటలు కలిపినప్పుడు గోల అయ్యేది సరిగ్గా ఇక్కడే. దరువులు కలుస్తాయి, గొంతులు కొట్టుకుంటాయి. 2009లో గ్రామీల్లో (అమెరికా సంగీత అవార్డులు) బెస్ట్ డాన్స్ రికార్డింగ్ ఈ పాటకే వచ్చింది, ఎలక్ట్రానిక్/డాన్స్ ఆల్బమ్ బహుమతి మొత్తం ఆల్బమ్‌కి.

2వ ట్రాకు చమత్కారం వేరు. అమెరికా రాపర్ బస్టా రైమ్స్ ‘టచ్ ఇట్’ని కట్టిందే వీళ్ల ‘టెక్నలాజిక్’ ముక్కతో. ఇక్కడ ఆ రెంటినీ కలిపేశారు, అప్పిచ్చినవాడే పోయి వడ్డీతో సహా వసూలు చేసుకొచ్చినట్టు. 2005 నాటి ‘హ్యూమన్ ఆఫ్టర్ ఆల్’ ఆల్బమ్‌లో చప్పగా, ఒకే ముక్క తిప్పితిప్పి వేసినట్టుండే పాటలు ఈ కచేరీలో పాత పాటల మీద పడి ప్రాణం పోసుకున్నాయి. ఆ ఆల్బమ్ నచ్చనివాళ్లు కూడా ఇది వినొచ్చు.

జనం కేకల్ని మిక్సులో ధైర్యంగా పైకి పెట్టారు. ఇదే ఆల్బమ్‌కి బలం, మన దగ్గర ఇదే తలనొప్పి. సంబరాలకీ తీర్థాలకీ కట్టే సెట్లలో ఈక్వలైజర్‌ని (బేసు, ట్రెబుల్ హెచ్చుతగ్గులు దిద్దే మీటల వరసని) రెండు చివర్లా ఎత్తి, మధ్యలో గుంట పెట్టడం మామూలు. ఆ సెట్టింగుతో ఈ ఆల్బమ్ వేస్తే కేకలు పైన బుస్సుమంటాయి, కింద కిక్ డ్రమ్ము బురదవుతుంది. ముందు ఈక్వలైజర్ అంతా సున్నాకి తేవాలి. రేకుల షెడ్డయితే 200–300 హెర్ట్జ్ దగ్గర కాస్త దించాలి, గదగదమనేది అక్కడే. బేసు బాక్సులకి 35–40 హెర్ట్జ్ కింద కోత పెట్టాలి. ఆ కిందిది వినబడేది తక్కువ, స్పీకరు కోన్‌ని ఊపి అలసగొట్టేది ఎక్కువ.

మాస్టరింగ్ (విడుదలకి ముందు చేసే చివరి సౌండు దిద్దుబాటు) గట్టిగా ఉంది, శబ్దం ఎక్కడా పెద్దగా తగ్గదు. మిక్సర్‌లో ఎర్ర లైటు వెలక్కుండా, కనీసం 6 డెసిబెళ్లు ఖాళీ ఉంచాలి. రొయ్యల చెరువుల ఏరియేటర్లు తిరిగే రాత్రిళ్లు వోల్టేజీ పడిపోయే ఊళ్లలో ఇంకాస్త తగ్గించాలి. పాతరకం ట్రాన్స్‌ఫార్మరు ఆంపుల్లో కరెంటు తగ్గితే పవరూ తగ్గుతుంది, తొందరగా క్లిప్ అవుతుంది, అంటే శక్తికి మించి సౌండు చితికిపోతుంది. ముందు కాలేది బేసు కాదు, పైనుండే చిన్న ట్రెబుల్ స్పీకర్లు.

10వ ట్రాకులో ‘రోలిన్ అండ్ స్క్రాచిన్’ వచ్చేసరికి ఆపరేటర్ కంగారుపడి సౌండు తగ్గించే ప్రమాదం ఉంది. ఆ బరబరా గీకుడు పాటలోనిదే. అనుమానముంటే అదే బాక్సులో ఏదైనా మెత్తటి పాట తక్కువ సౌండులో వెయ్యండి. అప్పుడూ గరగరమంటే స్పీకరు లోపలి కాయిల్ రాసుకుంటోందన్నమాట. బాక్సు కదిపినప్పుడల్లా చిటపటమంటే మాత్రం కనెక్టర్లు చూడాలి, అంతర్వేది వైపు ఉప్పుగాలికి అవి తొందరగా చిలుం పడతాయి.

ఫోన్లో వినేవాళ్లు క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర ఇంకోటి కలిసిపోవడం) సున్నా చేసి, గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ లేకుండా వాయించడం) ఆన్ చేసుకోవాలి. గోదావరి లంకల్లో సిగ్నల్ని నమ్మకుండా ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సీడీ నుంచి ఎంపీ3 చేస్తే ట్రాకుల అంచుల్లో చిన్న నిశ్శబ్దం చేరుతుంది, పాట తుళ్లిపడినట్టుంటుంది. నాణ్యత తగ్గకుండా దాచే ఫ్లాక్ ఫైళ్లలో ఆ బాధ లేదు. కారు పెన్‌డ్రైవ్‌కైతే అన్నిటినీ ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో వరసగా పేర్చి ఒకే ఫైలు చెయ్యడం నయం: వేవ్ అయితే సుమారు 780 ఎంబీ, 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే 180 ఎంబీ లోపు.

కచేరీ వీడియో వస్తుందని చూడకండి, వాళ్లు వెయ్యలేదు. మామూలు ఎడిషన్ 12 ట్రాకులతో ఆగిపోతుంది. ‘వన్ మోర్ టైమ్’ మళ్లీ వచ్చే చివరి పది నిమిషాల ఎన్‌కోర్ (జనం అడిగితే చివర్లో మళ్లీ వాయించేది) డీలక్స్ ఎడిషన్ రెండో డిస్కులో ఉంది, కొనేటప్పుడు అది ఉందో లేదో చూసుకోండి.