కమెయిదో గుడికి తప్పక వెళ్లండి, ఫొటోల దుకాణానికి వద్దు

ఫొటో తీసినందుకు ఒక ధర, తీసిన ఫొటో మన చేతికిచ్చినందుకు ఇంకో ధర! టోక్యోలో ఒక కిమోనో దుకాణం మా చేత 71,500 యెన్‌లు కట్టించింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

మా పాపకు ఏడేళ్లు వచ్చాయి కాబట్టి షిచి-గో-సాన్ అక్కడే చేయించాలని అమ్మ పట్టుబట్టింది. ఆడపిల్లలకు మూడు, ఏడు ఏళ్లకు, మగపిల్లలకు అయిదేళ్లకు నవంబరు 15 ప్రాంతంలో గుడికి తీసుకెళ్లే పండుగ అది. నాన్న ఉద్యోగరీత్యా టోక్యోలోనే నిషికసాయి అనే పేటలో ఉన్నప్పుడు నాకూ జరిగింది. పక్కింటి బామ్మగారు తన కూతురి చిన్ననాటి కిమోనో తీసి, తానే కట్టి, అదే నగరంలోని కమెయిదో తెంజిన్ గుడికి తీసుకెళ్లారు. గరిటెతో నీళ్లు తీసుకుని చేతులు కడుక్కోవడం, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగడం ఆవిడే నేర్పారు. అక్కడ కొలువైన మిచిజానే అనే పూర్వకాలపు పండితుడు చదువుల దేవుడని విని, పట్టుచీరలో ఉన్న మా అమ్మ సరస్వతీ శ్లోకం చదివేసింది.

ఇప్పుడు ఆ బామ్మగారు లేరు కాబట్టి దుకాణం. కిమోనో, జడ, ఫొటోలు అన్నీ కలిపి 33,000 అన్నారు. నడుముపట్టీ బిగుతుగా ఉందని పాప ఏడుపు, నవ్వమని వాళ్ల గిలక్కాయల మోత. పండుగ మిఠాయి సంచి చేతికిచ్చి ఫొటో తీసి, వెంటనే లాక్కున్నారు. పాప తొంగి చూస్తే లోపల ఉన్నది అట్టముక్క! ఆపైన ఫొటోలు కావాలంటే ఒక్కొక్కటి 5,500. ఏడు తీసుకున్నాం. మా ఆయన హోటలు చేరేదాకా నోరు విప్పలేదు. అమ్మ మాత్రం దారిపొడవునా రూపాయల్లో లెక్క కడుతూనే ఉంది.

మర్నాడు మామూలు గౌనులోనే పాపను గుడికి తీసుకెళ్లాం. సిటీ బస్సులో దూరంతో పనిలేదు, మేం వెళ్లినప్పుడు పెద్దలకు 210, పిల్లలకు 110 యెన్‌లు తీసుకున్నారు. గుడికి ప్రవేశ రుసుము లేదు. ఎర్రటి వంపు వంతెనలు, చెరువులో తాబేళ్లు, వెనక ఆకాశాన్నంటే స్కైట్రీ టవరు, ఆ నెలంతా చామంతుల ప్రదర్శన. అసలు మిఠాయి, ఎరుపూ తెలుపూ పొడుగు కడ్డీలు, కొంగ, తాబేలు బొమ్మల సంచితో సహా దొరికాక పాప ముఖం వెలిగింది.

శాకాహారులు ఉడోన్ అనే లావాటి నూడుల్స్ జోలికి పోకండి, ఆ చారులో చేప ఉంటుంది. గుడి పక్కనే 1805 నుంచి నడుస్తున్న ఫునబషియా అనే మిఠాయి దుకాణంలో కుజుమోచి తినండి. గోధుమ పిండిని పులియబెట్టి చేసిన మెత్తటి ముక్కల మీద వేయించిన సోయా పిండి, నల్లబెల్లం పాకం. అమ్మ రెండో పళ్లెం కూడా తెప్పించుకుంది. గుడిలో పూలతీగల పందిళ్లు చూడాలంటే ఏప్రిల్ చివర వెళ్లండి, జనం మాత్రం విపరీతం. కిమోనో తప్పదనుకుంటే, ఫొటోలు చేతికివ్వడానికి ఎంత తీసుకుంటారో ముందే కాగితం మీద రాయించుకోండి.