కోవిడ్ కాలంలో పీఎఫ్ అడ్వాన్స్, ఈఎస్ఐ నిరుద్యోగ భృతి: బెంగళూరులో ఏది ఎంత అక్కరకొచ్చింది

లాక్‌డౌన్‌లో జీతం కోయొద్దని కేంద్ర హోంశాఖ 2020 మార్చి 29న ఆదేశమిచ్చింది. మే 18 నుంచి ఆ ఆదేశం అమల్లో లేదు. జీతాల సంగతి యజమానులు, కార్మికులు మాట్లాడుకుని తేల్చుకోవాలని జూన్ 12న సుప్రీంకోర్టు చెప్పింది. పీణ్య షెడ్లలో, బొమ్మసంద్ర ఫ్యాక్టరీల్లో, ఔటర్ రింగ్ రోడ్డు టెక్ పార్కుల సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ కాంట్రాక్టుల్లో పనిచేసే మన అనంతపురం, చిత్తూరు, కర్నూలు వాళ్లకు ఆ తర్వాత ప్రధానంగా మిగిలినవి రెండే దారులు: పీఎఫ్ కోవిడ్ అడ్వాన్స్, ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా సంస్థ) వారి నిరుద్యోగ భృతి పథకం అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. మా లెక్కలో మొదటిదానికి అయిదుకు నాలుగు మార్కులు, రెండోదానికి రెండు.

పీఎఫ్ అడ్వాన్స్ నియమం సూటిగా ఉండేది. మూడు నెలల బేసిక్, డీఏ (కరవు భత్యం) ఒకవైపు, ఖాతా నిల్వలో 75 శాతం ఇంకోవైపు. ఏది తక్కువైతే అది. బేసిక్, డీఏ కలిపి 12,000, నిల్వ 60,000 అనుకోండి: 36,000 వస్తుంది. నిల్వ 40,000 మాత్రమే ఉంటే 30,000. పెన్షన్ వాటా ఈ నిల్వలోకి రాదు. తిరిగి కట్టక్కర్లేదు, ఉద్యోగం మానేసి ఉండాల్సిన పనీ లేదు. 2021 మే 31న రెండోసారి తీసుకోవడానికీ వీలు కల్పించారు. 2024 జూన్‌లో ఈ సౌకర్యం ఆపేశారు కానీ, అప్పట్లో క్లెయిమ్‌లు ఎక్కడ ఆగాయో తెలుసుకుంటే ఇవాళ ఫారం 31 (పీఎఫ్ అడ్వాన్స్ దరఖాస్తు) పెట్టేవాళ్లకూ పనికొస్తుంది.

యూఏఎన్‌తో (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరు) మెంబర్ పోర్టల్‌లోకి వెళ్లి, ఆన్‌లైన్ సర్వీసెస్‌లో ఫారం 31 తెరిచి, బ్యాంక్ ఖాతా నంబరు సరిచూసుకుని, కారణం ఎంచుకుని, అప్పట్లో చెక్ ఫోటో కూడా పెట్టి, ఆధార్ ఓటీపీ కొట్టాలి. పది నిమిషాల పని. వివరాలన్నీ సరిపోలితే మూడు పనిదినాల్లో సెటిల్ చేస్తామన్నారు. (కంపెనీకి సొంత పీఎఫ్ ట్రస్టు ఉంటే మాత్రం దరఖాస్తు ఆ ట్రస్టుకే.)

చిక్కులు ఆ పది నిమిషాలకు ముందే ఉంటాయి. మొదటిది పేరు. ఆధార్‌లో మన ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడి కాంట్రాక్టర్ ఆఫీసులో ఇంటిపేరు తీసేసి తండ్రి పేరు మొదటి అక్షరం వెనక తగిలిస్తారు. ఆ రెండూ కలవవు. దిద్దడానికి కావలసిన జాయింట్ డిక్లరేషన్ (ఇద్దరూ కలిసి ఇచ్చే పత్రం) మీద అప్పట్లో యజమాని సంతకం ఉండాల్సి వచ్చేది. లాక్‌డౌన్‌లో ఆ యజమాని దొరికితే కదా! రెండోది ఫోన్ నంబరు. ఊళ్లో ఆధార్‌కిచ్చిన సిమ్ ఎప్పుడో పోయుంటుంది, ఓటీపీ ఆ పాత నంబరుకే వెళ్తుంది. ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించుకోవాల్సి వచ్చేది.

మూడోది ఎక్కువమంది గమనించనిది. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది, పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు 2021 మార్చి 31తో చెల్లకుండా పోయాయి. కేవైసీలో (పీఎఫ్ రికార్డులోని మీ బ్యాంక్, గుర్తింపు వివరాలు) పాత కోడే ఉంటే పోర్టల్‌లో సెటిల్డ్ అని కనిపించినా డబ్బు బ్యాంక్ దాకా వెళ్లి వెనక్కి వస్తుంది. సరిగ్గా రెండో వేవ్ నెలల్లో రావాల్సిన ఇబ్బందేనా ఇది! కొత్త కోడ్‌ను యజమాని డిజిటల్ సంతకంతో ఆమోదించాల్సి వచ్చేది. ఒక మార్కు తగ్గించింది ఇందుకే. ఆ ఆమోదాన్నీ చెక్ ఫోటోనూ 2025 ఏప్రిల్‌లో తీసేశారు. అయిదేళ్ల ముందే చేసి ఉండాల్సింది.

ఇక ఈఎస్ఐ. కాగితం మీద చూస్తే పథకం గొప్పది. పని పోయినవాళ్లకిచ్చే భృతిని 2020 మార్చి 24 నుంచి సగటు రోజు సంపాదనలో 25 శాతానికి బదులు 50 శాతం చేశారు, 90 రోజుల వరకు. పని పోయిన 30 రోజులకే దరఖాస్తు చేయొచ్చన్నారు. యజమాని ద్వారా కాకుండా నేరుగా బ్రాంచ్ ఆఫీసుకే ఇవ్వొచ్చన్నారు. కానీ లెక్క ఎలా కడతారో చూడండి: గత నాలుగు కంట్రిబ్యూషన్ పీరియడ్ల (ఆరేసి నెలల చందా కాలాలు) సంపాదనను 730తో, అంటే రెండేళ్ల రోజులతో, భాగిస్తారు. నెలకు 15,000 చొప్పున రెండేళ్లూ తెగకుండా పనిచేస్తే రోజుకు దాదాపు 493, అందులో సగం 246, మొత్తం 90 రోజులకు సుమారు 22,190 రూపాయలు. మధ్యలో ఆరు నెలలు ఖాళీగా ఉన్నా భాగించేది 730తోనే. అదీ జీవితంలో ఒక్కసారే.

అర్హత దగ్గర ఇంకా కష్టం. ఈఎస్ఐ కింద రెండేళ్ల ఉద్యోగం ఉండాలి. పని పోవడానికి ముందరి పీరియడ్‌లో 78 రోజుల చందా, అంతకు ముందరి మూడింటిలో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు పడి ఉండాలి. ఏటా కాంట్రాక్టర్ మారి, మారినప్పుడల్లా కొత్త ఇన్సూరెన్స్ నంబరు తీసుకున్నవాళ్ల రికార్డు ముక్కలై ఉంటుంది. ఒకే మనిషి చందా రెండు నంబర్ల కింద పడితే ఏ నంబరుకూ అర్హత రాకపోవచ్చు. కొత్త చోట చేరినప్పుడు పాత నంబరే ఇచ్చి అదే కొనసాగించమనండి. మొదట్లో అఫిడవిట్ కూడా అడిగేవాళ్లు. పనులు ఆగిన నగరంలో స్టాంపు పేపరు కోసం తిరగమనడం అన్యాయం. 2020 నవంబరులో దాన్ని ఎత్తేశారు.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ కొట్టేది ఒక చిన్న కోడ్. నెలవారీ చందా ఫైల్ చేసేటప్పుడు, పనిలో లేని మనిషి పేరు పక్కన యజమాని కారణం ఎంచుకోవాలి. అక్కడ రిట్రెంచ్‌మెంట్ (యజమానే తీసేయడం), నో వర్క్ ఉన్నాయి, లెఫ్ట్ సర్వీస్ కూడా ఉంది. తీసేసినవాణ్ణి లెఫ్ట్ సర్వీస్ అని రాస్తే తనంతట తాను మానేసినట్టు అర్థం వస్తుంది. తనంతట మానేసినవాళ్లకు ఈ భృతి లేదు. అందుకే రాజీనామా పత్రం మీద సంతకం పెట్టమంటే పెట్టకండి. తీసేస్తున్నామని వాట్సాప్ మెసేజ్‌లోనైనా రాయించుకోండి. ఈఎస్ఐ పోర్టల్‌లో మీ చందా వివరాలు చూసుకోండి. కారణం తప్పుగా పడితే బ్రాంచ్ మేనేజర్‌కు ఆ మెసేజ్ ప్రింటు, చివరి మూడు పే స్లిప్పులు జతచేసి అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోండి.