మా కాలనీ మెడికల్ షాపు: నిద్రమాత్రలు, నొప్పి మాత్రల విషయంలో ఎంత పద్ధతి?

స్టాకు, డిస్కౌంటు బాగానే ఉన్నాయి. అయితే మెడికల్ షాపు సంగతి తేలేది ఆల్ప్రజోలం (ఆందోళన, నిద్రకి ఇచ్చే మాత్ర), ట్రామడాల్ (గట్టి నొప్పి మాత్ర) అడిగినప్పుడే. రెండూ షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని, లెక్క రాయాల్సిన జాబితాలోవి. 2014 మార్చి నుంచి వీటికి విడిగా రిజిస్టరు రాసి మూడేళ్లు దాచాలి. డాక్టరు పేరు, చిరునామా, పేషెంటు పేరు, మందు, ఎన్ని ఇచ్చారో అన్నీ ఇక్కడ రాస్తారు. చీటీ మీద షాపు ముద్ర, తేదీ కూడా వేస్తారు. అసలు కిటుకు ఆ ముద్రలోనే ఉంది. అది లేకుంటే ఒకే చీటీతో నాలుగు షాపులు తిరిగేయొచ్చు.

ఇదంతా ఫార్మసిస్టు ఉన్నంతసేపే. రాత్రి కౌంటర్లో కుర్రాడొక్కడే ఉంటాడు. ఫోన్లో పాత చీటీ ఫొటో చూపిస్తే చాలు, స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేస్తాడు. ఆ ముక్క మీద ఎర్ర గడిలోని హెచ్చరికా ఉండదు, ఎక్స్‌పైరీ తేదీ కూడా ఉండదు. పగటికి అయిదులో నాలుగు మార్కులు, రాత్రికి ఒకటి.

ఆల్ప్రజోలంతో ఎక్కువ ప్రమాదం పెద్దవయసు వాళ్లకి, మద్యం తాగేవాళ్లకి, రోజూ ట్రామడాల్ మింగేవాళ్లకి. అది మద్యంతోనో ట్రామడాల్‌తోనో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. వారాల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. కవరు మీద పూటల లెక్క రాస్తారు గానీ ఈ జాగ్రత్తలు మాత్రం చెప్పరు.