40 గ్రెయిన్ వీ-మ్యాక్స్: .223లో రెండు సీజన్లు కాల్చాక

ఈ బుల్లెట్ కొన్నది స్పీడ్ కోసం, వదలకుండా వాడుతున్నది మాత్రం వేరే కారణానికి. హార్నడీ కంపెనీ వీ-మ్యాక్స్, .224 అంగుళాల వ్యాసం, 40 గ్రెయిన్ల బరువు, వంద బుల్లెట్ల డబ్బాలు ఇప్పటికి పదకొండు ఖాళీ చేశా. అన్నీ ఒకే రైఫిల్‌లో, .223 రెమింగ్టన్ తూటా కాల్చే బోల్ట్ యాక్షన్ (ప్రతి గుండుకీ చేత్తో బోల్ట్ లాగాల్సినది), 24 అంగుళాల బ్యారెల్, 1:9 ట్విస్ట్, అంటే బ్యారెల్‌లో ప్రతి 9 అంగుళాలకి బుల్లెట్ ఒక చుట్టు తిరుగుతుంది. పని ఒక్కటే, ప్రెయిరీ డాగ్స్. పేరులో డాగ్ ఉన్నా కుక్కలు కావు, అమెరికా గడ్డి మైదానాల్లో బొరియలు తవ్వుకుని ఊళ్లలాగా గుంపులుగా ఉండే ఉడత జాతి జంతువులు.

ముందే ఒకమాట, మనవాళ్లు చాలామంది బుల్లెట్ అంటే మొత్తం తూటా అనుకుంటారు. ఇక్కడ బుల్లెట్ అంటే ముందు కూర్చునే ముక్క మాత్రమే, కేస్ (ఇత్తడి గొట్టం), ప్రైమర్ (అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ), పౌడర్ మనం విడిగా తెచ్చి ప్రెస్ మీద కలుపుకోవాలి, దాన్నే రీలోడింగ్ అంటారు. 40 గ్రెయిన్లు అంటే రెండున్నర గ్రాముల కన్నా కాస్త ఎక్కువ, అంతే. చేతిలో వేసుకుంటే ఏమీ లేనట్టే ఉంటుంది. ముందు ఎర్ర పాలిమర్ టిప్, దాని కింద చిన్న ఖాళీ, పల్చటి రాగి జాకెట్, లోపల సీసం. ఏదైనా తగిలిన క్షణం ఆ టిప్ వెనక్కి నెట్టుకుపోయి బుల్లెట్‌ని లోపల్నించి చీల్చేస్తుంది. అడుగు చదునుగా ఉంటుంది, అంటే వెనక సన్నబడే బోట్ టెయిల్ రకం కాదు, ఇంత పొట్టి బుల్లెట్‌కి అదే మంచిది ఎందుకంటే కేస్ నెక్ (బుల్లెట్‌ని పట్టుకునే మూతి) పట్టుకోవడానికి కొంచెం ఎక్కువ చోటు దొరుకుతుంది.

స్పీడ్ సంగతి. ఈ పిచ్చి కొత్తదేం కాదు, 1935లో వించెస్టర్ .220 స్విఫ్ట్ తెచ్చినప్పుడే 48 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకి 4110 అడుగులు అని ప్రకటించారు, ఆ తర్వాత 1971లో .17 రెమింగ్టన్, 2004లో .204 రూగర్ అన్నీ ఆ 4000 గీత దాటాలనే వచ్చాయి. .223 అంత దూరం పోదు, కేస్ చిన్నది. కానీ 40 గ్రెయిన్లు పెడితే 3600, 3700 మధ్యలో హాయిగా వస్తుంది, అదే ఫ్యాక్టరీ 55 గ్రెయిన్ల తూటాకి డబ్బా మీద 3240 ఉంటుంది. నేనూ మొదట్లో ఆ నంబర్ వెంటే పడ్డా. బుల్లెట్ స్పీడ్ కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టుకుని, రీలోడింగ్ మాన్యువల్‌లో ఉన్న స్టార్టింగ్ లోడ్ (మొదలుపెట్టాల్సిన తక్కువ పౌడర్ కొలత) నుంచి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయి 3720 చూశా, చూసి సంతోషించా, తర్వాత టార్గెట్ దగ్గరికి నడిచి వెళ్తే 100 గజాల్లో ఐదు గుళ్లు అంగుళంన్నర వెడల్పున చెల్లాచెదురు. అదే రైఫిల్, అదే బుల్లెట్, 3590 దగ్గర ఐదూ అర అంగుళం పైచిలుకులో కూర్చున్నాయి. ప్రెయిరీ డాగ్ నిలబడితే మూడు అంగుళాల వెడల్పు ఉంటుందేమో, దానికి ఆ 130 అడుగుల స్పీడ్ కన్నా ఆ ఒక అంగుళమే ముఖ్యం. రెండు సీజన్లుగా 3590 దగ్గరే ఉన్నా, ఒక్కసారి కూడా తక్కువైందని అనిపించలేదు.

ఎన్ని గ్రెయిన్ల పౌడర్ వేస్తున్నానో ఇక్కడ రాయను, అడగొద్దు కూడా. నా చాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) వేరు మీది వేరు, నా కేసులు వేరు. కొత్త మాన్యువల్ తీసుకుని స్టార్టింగ్ లోడ్ నుంచి మొదలుపెట్టండి. .223కి సామీ (SAAMI, అమెరికాలో తూటాల ప్రమాణాలు పెట్టే సంస్థ) పెట్టిన గరిష్ఠ ప్రెషర్ 55,000 పీఎస్ఐ, ఇంట్లో దాన్ని కొలిచే దారి మనకి లేదు, కనిపించేవి ఆనవాళ్లే. ప్రైమర్ అంచులు చదునైపోవడం, కేస్ అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేస్‌ని బయటికి తోసే మీట) ముద్ర పడటం, బోల్ట్ ఎత్తడానికి గట్టిగా ఉండటం. ఇందులో ఏది కనిపించినా అప్పటికే దాటి వచ్చేశామని అర్థం, అక్కడ ఆగడం కాదు, వెనక్కి రావాలి.

పౌడర్లలో నాకు బాగా కుదిరింది హాడ్జ్‌డన్ బెంచ్‌మార్క్. హెచ్335 కూడా వాడా, అది గుండ్రటి పలుకుల బాల్ పౌడర్ కాబట్టి కొలిచి పోసే మెజర్‌లోంచి నీళ్లలా జారుతుంది, ఒకే విడతలో మూడొందలు లోడ్ చేసేవాళ్లకి చాలా సుఖం. కానీ వేడికి దాని ప్రెషర్ మారేది ఎక్కువ, మార్చిలో చల్లగా ఉన్నప్పుడు కుదిరిన లోడ్ జులై మధ్యాహ్నం, అదీ నలభై గుళ్లు కాల్చి కాలిపోతున్న చాంబర్‌లో తూటా పెట్టి అర నిమిషం ఆగితే, అదే లోడ్‌లా ప్రవర్తించదు. ప్రైమర్ విషయంలో కూడా ఒకటి తెలుసుకోవాలి, చిన్న రైఫిల్ ప్రైమర్లు అన్నీ ఒకటి కాదు. రెమింగ్టన్ 6½ పల్చటి కప్పుది, .22 హార్నెట్ లాంటి తక్కువ ప్రెషర్ తూటాలకి, .223కి వాడొద్దని వాళ్లే చెప్తారు, 7½ వాడాలి. నాకు రీలోడింగ్ నేర్పిన అన్న మొదటిరోజే చెప్పిన మాట ఇది, ఇప్పటికీ ప్రైమర్ ట్రే తీసే ముందు డబ్బా మీద నంబర్ పైకి చదువుతా.

ఇంక జాకెట్ గురించి, నా దృష్టిలో ఈ బుల్లెట్ అసలు విలువ ఇక్కడే ఉంది. బుల్లెట్ ఎంత వేగంగా తిరుగుతుందో లెక్క సులువు, సెకనుకి అడుగుల్లో స్పీడ్‌ని 720తో గుణించి ట్విస్ట్ అంగుళాలతో భాగించాలి. 3600 అడుగులు, 1:12 బ్యారెల్ అయితే నిమిషానికి 2,16,000 చుట్లు. నా 1:9లో 2,88,000. అదే 1:7లో 3,70,000 దాటుతుంది. అంత తిరుగుడికి పల్చటి జాకెట్ తట్టుకోకపోతే గాల్లోనే విచ్చిపోతుంది. వీటికన్నా ముందు నేను వేరే కంపెనీ పల్చటి జాకెట్ బుల్లెట్లు ఒక డబ్బా వాడా, అవి తక్కువ స్పీడ్ తూటాల కోసం చేసినవి, ఆ మాట నేను సరిగ్గా చదవలేదు. కాలిస్తే మధ్య దారిలో బూడిదరంగు పొగ తుంపర, టార్గెట్ మీద చిల్లే లేదు. వీ-మ్యాక్స్ పదకొండు వందల్లో ఒక్కటి కూడా అలా పోలేదు, టార్గెట్‌కి చేరేదాకా గట్టిగా ఉండి చేరాక పొడి అయిపోతుంది. ఈ రెండూ ఒకే బుల్లెట్‌లో ఉండటం చిన్న విషయం కాదు. పైగా ఎండిపోయిన గట్టి నేలకి తగిలినా ముక్కలైపోతుంది కాబట్టి ఎగిరి ఎటో దూసుకుపోయే భయం బాగా తక్కువ. లేదని కాదు, వెనక ఏముందో చూడకుండా ఎప్పుడూ కాల్చకూడదు, కానీ పశువులు తిరిగే రాంచ్‌లో యజమాని మనల్ని మళ్లీ రమ్మనాలంటే ఇదే మొదటి కారణం.

గాలి సంగతి అందరూ అంటారు, తేలిక బుల్లెట్ గాలికి కొట్టుకుపోతుంది అని. నేనూ నమ్మా, లెక్క వేసేదాకా. దీని బీసీ (గాలిని చీల్చుకుపోయే సామర్థ్యం చెప్పే అంకె, ఎక్కువైతే మంచిది) 0.200, 55 గ్రెయిన్ వీ-మ్యాక్స్‌ది 0.255. 10 మైళ్ల అడ్డగాలిలో 300 గజాల దగ్గర, ఇది 3600తో అది 3240తో బయల్దేరితే, ఇది పక్కకి జరిగేది దాదాపు 12 అంగుళాలు, అది దాదాపు 11, అంతే తేడా. స్పీడ్ ఇచ్చింది బీసీ తీసుకుంది, కాస్త ఎక్కువే తీసుకుంది. 200 గజాలకి జీరో చేస్తే, అంటే గురి పెట్టిన చోటే తగిలేలా స్కోప్ సరిచేస్తే, 300లో కింద పడటంలో లాభం కూడా ఒక అంగుళం అటూ ఇటూ, అంతకంటే ఊహించుకోవద్దు. కాబట్టి 55 మానేసి దీనికి రావడానికి గాలీ కారణం కాదు, చదును పథమూ పెద్ద కారణం కాదు. మరి ఏంటంటే, వెనక్కి తన్నేది తక్కువ. తేలిక బుల్లెట్ కాబట్టి స్కోప్‌లోంచి కన్ను తీయకుండా తగిలింది లేనిదీ నా కళ్లతో నేనే చూస్తా, తప్పితే ఎంత తప్పిందో కూడా అక్కడే కనపడుతుంది, రెండో గుండుకి సరిచేసుకోవచ్చు. ఎక్కడ తగిలిందో చూసి చెప్పే స్పాటర్ పక్కన లేకుండా ఒంటరిగా వెళ్లే నాలాంటివాడికి దీనికి మించింది లేదు. 350 గజాలు దాటాక మాత్రం పొడవాటి బరువు బుల్లెట్లే, అక్కడ దీంతో కుస్తీ పట్టను.

ఇబ్బందులు. పొట్టిగా ఉంటుంది కాబట్టి లాండ్స్‌కి (బ్యారెల్ లోపలి మెలి గట్లకి) దగ్గరగా సీట్ చేద్దామంటే, అంటే కేస్‌లో అంత ముందుకి కూర్చోబెడదామంటే కుదరదు, నెక్‌లో పట్టు మిగలదు. మాన్యువల్ పొడవుకే సీట్ చేశా, ఆ గట్లు అందుకునే ముందు ఎంత ఖాళీ ఉన్నా దీని గురి పెద్దగా మారలేదు. వరసగా కాలిస్తే బ్యారెల్ వేడెక్కుతుంది, పది గుళ్లకి ఒకసారి బోల్ట్ తెరిచి పక్కన పెడతా, పట్టుకోలేనంత వేడి అయితే ఆ గంట అయిపోయినట్టే.

రూల్స్ కూడా చూసుకోండి. ఇందులో సీసం ఉంది, కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం లేనివే వాడాలి, అక్కడివాళ్లకి అదే కంపెనీ ఎన్‌టీఎక్స్ రకం ఉంది. ప్రెయిరీ డాగ్స్ అన్నీ ఒకటి కాదు, ఊటా ప్రెయిరీ డాగ్ ఫెడరల్ రక్షణలో ఉన్న జాతి, ఏ జాతో తెలీకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు.

కొయోటీల (నక్క లాంటి అమెరికా అడవి జంతువులు) మీద ఎలా ఉంటుందని అడుగుతారు. నేను వాడను. ఇంత త్వరగా పొడి అయ్యే బుల్లెట్ భుజం ఎముకకి తగిలితే పైపైనే పెద్ద గాయం చేసి ఆగిపోవచ్చు, జంతువు ఆ గాయంతో పరిగెడుతుంది. అందుకే కొయోటీ తిరిగే చోటికి వెళ్లేరోజు ఈ డబ్బా ఇంట్లో పెట్టి, 55లు జీరో చేసుకుని వెళ్తా.