ముగ్గురితో బాస్కెట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం: కొన్ని సీజన్ల వాడకం తర్వాత

ఒక పాత హ్యాండీకామ్, కెమెరా బొమ్మను ల్యాప్‌టాప్‌కు అందించే, వెయ్యి రూపాయల లోపు దొరికే హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డు, ల్యాప్‌టాప్, అందులో ప్రసారం నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియో, రెండు మైకులు, ఒక 4జీ రౌటరు. బెంగళూరులో మా క్లబ్బు మ్యాచ్‌లను కొన్ని సీజన్లుగా ఈ సరంజామాతోనే యూట్యూబ్‌లో చూపిస్తున్నాం. పనిచేసేది ముగ్గురమే: కెమెరా దగ్గర ఒకరు, ల్యాప్‌టాప్ ముందు నేను, వ్యాఖ్యానానికి ఒకరు. ఇన్నాళ్లు వాడాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: డబ్బు ముందు మైకుకు పెట్టాలి, శ్రద్ధ ముందు స్కోరు మీద పెట్టాలి, కెమెరా సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఈ ఊరికి బాస్కెట్‌బాల్ కొత్త కాదు. 2017లోనూ 2019లోనూ మహిళల ఆసియా కప్ ఇక్కడి కంఠీరవ స్టేడియంలోనే జరిగింది. 2017లో మన అమ్మాయిలు డివిజన్ బి ఫైనల్లో కజకిస్థాన్‌ను 75-73తో ఓడించారు. అలాంటి టోర్నీలకు కెమెరాలకు కొదవ ఉండదు. ఆదివారం పొద్దున పేటలో జరిగే లీగ్ మ్యాచ్‌ను మాత్రం గట్టు మీద కూర్చున్న పదిమంది తప్ప ఎవరూ చూడరు. మా ఆటగాళ్లలో చాలామంది ఇళ్లు అనంతపురం, చిత్తూరు, విజయవాడల్లో ఉన్నాయి. ఆ ఇళ్లలోని వాళ్లు చూడాలనే ఈ శ్రమంతా.

స్కోరు విలువ మాకు తెలిపింది కూడా వాళ్లే. మొదటి రోజుల్లో ఒక ఆటగాడి నాన్నగారు ఫోన్ చేసి, "మావాడు కనిపిస్తున్నాడు బాబూ, సంతోషం. గెలుస్తున్నారో ఓడుతున్నారో మాత్రం తెలియడం లేదు నాన్నా" అన్నారు. ఓబీఎస్‌లో తెర మీది అక్షరాలను ఒక ఫైలు నుంచి చదివించే వీలుంది. ఫైలులో అంకె మారితే తెర మీదా మారుతుంది. స్కోరర్ల బల్ల పక్కనే కూర్చుంటే ఇది తేలిక పని. జట్టు ఫౌళ్లు కూడా చూపించండి. క్వార్టర్‌లో అయిదో ఫౌల్ నుంచి ఎదుటి జట్టుకు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోకుండా బుట్టలోకి విసిరే అవకాశాలు) దక్కుతాయి కాబట్టి చివరి నిమిషాల్లో ఆట తెలిసినవాళ్ల కళ్లు ఆ అంకె మీదే ఉంటాయి.

గడియారం సంగతి వేరు. క్వార్టర్ పది నిమిషాలే అయినా విజిల్ మోగిన ప్రతిసారీ గడియారం ఆగుతుంది. దాన్ని చేత్తో నడిపితే అసలు గడియారానికీ తెర మీది గడియారానికీ త్వరలోనే పొంతన పోతుంది. మేం ఒక చిన్న వెబ్‌క్యామ్‌ను నేరుగా కోర్టు గడియారం వైపు తిప్పి, ఆ బొమ్మలో అంకెలున్న భాగాన్ని మాత్రమే కత్తిరించి తెర మూలన పెడతాం. అక్కడ ఆగితే ఇక్కడా ఆగుతుంది. మొత్తం ఏర్పాటులో నాకు బాగా నచ్చింది ఇదే.

మైకుల్లో ఒకటి వ్యాఖ్యాత కాలరుకు, ఇంకొకటి బుట్ట కింద స్తంభానికి. బూట్లు నేల మీద కీచుమనడం, బంతి వలలోంచి జారిన చప్పుడు వినిపిస్తే బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. వ్యాఖ్యాత మాట గరగరమంటే మాత్రం రెండు నిమిషాల్లో వెళ్లిపోతారు. క్యాప్చర్ కార్డు నుంచి బొమ్మ కొద్దిగా ఆలస్యంగా వస్తుంది. అందుకే ఆట మొదలయ్యే ముందు కెమెరా ఎదుట ఒకసారి చప్పట్లు కొట్టించి, ఓబీఎస్‌లో శబ్దాన్ని కూడా ఆ మేరకు ఆలస్యం చేయాలి. టైమ్-అవుట్‌లో మైదానం లౌడ్‌స్పీకర్‌లో సినిమా పాట మొదలైతే కోర్టు మైకు తగ్గించేయండి. యూట్యూబ్ చేసే పాటల హక్కుల తనిఖీ ప్రత్యక్ష ప్రసారానికీ వర్తిస్తుంది.

కెమెరా గురించి క్లుప్తంగా చెబుతాను. మధ్య గీతకు ఎదురుగా, నిలబడిన మనిషి తలకంటే ఎత్తులో ఉండాలి. బంతి వెంట పడకుండా సగం కోర్టు పట్టేలా చూపిస్తూ నెమ్మదిగా తిప్పాలి. ఫోకస్ ఆటోలో ఉంటే ఎదుట ఎవరు నడిచినా ఆటగాళ్లు మసకబారతారు, కాబట్టి చేత్తోనే పెట్టుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక షట్టర్ వేగం సెకనులో 1/100 వంతు దగ్గర ఉంచితే దీపాల మినుకు కనపడదు.

ఇంటర్నెట్‌లో పంపడానికి బొమ్మ స్పష్టత 720పీ, వేగం సెకనుకు 3 మెగాబిట్లు (ఎంబీపీఎస్) చాలు. గంటకు దాదాపు 1.35 జీబీ ఖర్చవుతుంది. ఖాళీ మైదానంలో కొలిచిన అప్‌లోడ్ వేగాన్ని నమ్మవద్దు. జనం చేరాక అది పడిపోతుంది, అందుకే కొలిచినదాంట్లో సగానికే లెక్క వేసుకుంటాను. ల్యాప్‌టాప్‌లో విడిగా రికార్డింగ్ కూడా నడుస్తుంది. సిగ్నల్ పోయినా మ్యాచ్ మిగులుతుంది. కొత్త ఛానల్ అయితే ప్రత్యక్ష ప్రసారానికి అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు, మ్యాచ్ రోజు ఉదయం మొదలుపెడితే లాభం లేదు.

ఇందులో లోపాలూ ఉన్నాయి. చవక క్యాప్చర్ కార్డు మే నెల ఎండకు వేడెక్కి బొమ్మను స్తంభింపజేస్తుంది, సంచిలో రెండోది ఉండాల్సిందే. రీప్లే చూపించే సౌకర్యం ఓబీఎస్‌లో ఉన్నా, స్కోరు మార్చే చేతికి ఆ పని కూడా అప్పగిస్తే రెండూ చెడతాయి. నాలుగో మనిషి దొరికేదాకా రెండో కెమెరా ఆలోచనే వద్దు.

పిల్లల మ్యాచ్ అయితే మేం ముందుగా తల్లిదండ్రులందరినీ అడుగుతాం, చాట్ మూసేస్తాం, లింకును ఇళ్లకు మాత్రమే పంపుతాం. ఒక్కరు వద్దన్నా ఆ రోజు ప్రసారం ఉండదు.