ముత్తుకూరు రోడ్డు డెక్ తరగతి: మోకు పాఠం భేష్, హోల్డులో దిగే పాఠం సున్నా

నెల్లూరు నుంచి ముత్తుకూరు పోయే దారిలో ఒక రేకుల షెడ్డులో నడుస్తున్న ఆరు రోజుల డెక్ (ఓడ పైతట్టు) పనుల పరిచయ తరగతి గురించి ఈ సమీక్ష. పదో తరగతి పాసై ఓడ పనికి పోదామనుకునే కుర్రాళ్ల కోసం పెట్టారు. ఫీజు 6,000 రూపాయలు, మధ్యాహ్నం భోజనం అందులోనే. ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది: ఇది డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆమోదం ఉన్న కోర్సు కాదు. ఇక్కడిచ్చే కాగితం చూపిస్తే సీడీసీ (ఓడెక్కే నావికుడి గుర్తింపు పుస్తకం) రాదు. దానికి ఆమోదం ఉన్న సంస్థలో ఆరు నెలల జీపీ రేటింగ్ (కింది స్థాయి నావికుడి) కోర్సు చెయ్యాల్సిందే. బోర్డు మీద ఆ ముక్క చిన్న అక్షరాల్లోనైనా రాశారు, అంతవరకు నయం. అంత డబ్బు, అన్ని నెలలు పెట్టే ముందు ఆ పని మన ఒంటికి పడుతుందో లేదో చూసుకోవడానికి మాత్రమే ఈ తరగతి. ఆ కొలతతోనే తూచాలి.

మొదటి రోజంతా హోదాల పట్టిక. గోడ మీద పెద్ద చార్టు: పైన కెప్టెన్, కింద చీఫ్ ఆఫీసర్, సెకండ్, థర్డ్, కేడెట్, తర్వాత బోసన్, ఏబీ (ఏబుల్ సీమన్, అనుభవమున్న నావికుడు), ఓఎస్ (ఆర్డినరీ సీమన్, కొత్త నావికుడు). పాఠం చెప్పే పద్ధతి బాగానే ఉంది కానీ రోజంతా సాగదీసేంత సరుకు అందులో లేదు. బోసన్ అంటే మన లాంచీల మీది సరంగే అని చెప్పగానే సగం క్లాసుకి విషయం ఎక్కేస్తుంది. పొద్దున చీఫ్ ఆఫీసర్ దగ్గర పని జాబితా తీసుకుని మనుషులకి పంచేది ఆయనే, ఓఎస్ నేరుగా ఆఫీసర్‌తో తేల్చుకునే పనులు తక్కువ. కాపలా వంతులు, అంటే వాచీలు, కూడా సరిగ్గా చెప్పారు: 12 నుంచి 4 సెకండ్ ఆఫీసర్, 4 నుంచి 8 చీఫ్, 8 నుంచి 12 థర్డ్, పగలూ రాత్రీ అదే వరస. ఒక్కొక్కరితో ఒక ఏబీ.

రెండు తప్పులు మాత్రం సరిచెయ్యాలి. థర్డ్ ఆఫీసర్‌కి "పెద్దగా పనుండదు" అని నవ్వించారు. లైఫ్‌బోట్లు, లైఫ్‌జాకెట్లు, మంటలార్పే సిలిండర్లు చాలా ఓడల్లో చూసుకునేది ఆయనే, ఆయన తనిఖీకి వెంట తిరిగేది ఓఎస్. రెండోది, జీపీ అంటే డెక్ ఉద్యోగం అన్నట్టు మాట్లాడారు. జీపీ అంటే జనరల్ పర్పస్, ఆ శిక్షణలో డెక్‌తో పాటు ఇంజన్ రూము పనీ ఉంటుంది. తర్వాత డెక్ వైపు తేలితే ముందు వాచ్‌కీపింగ్ సర్టిఫికెట్, అది వచ్చాక డెక్ మీద 18 నెలల సముద్ర సర్వీసు, ఆమోదించిన శిక్షణ కూడా పూర్తయితే 12 నెలలు, అప్పుడు ఏబీ అర్హత. ఎస్‌టీసీడబ్ల్యూ (నావికుల శిక్షణ మీద అంతర్జాతీయ ఒప్పందం) చెప్పే లెక్క ఇది. ఇంటి దగ్గర అమ్మానాన్నలు అడిగే మొదటి ప్రశ్న "ఎప్పుడు పెద్దోడవుతాడు" అనే కదా, దానికి జవాబు చార్టులో లేదు.

రెండో రోజు ఒక పూట చుక్కాని పాఠం. చెక్క చక్రం, ముందొక తెర, పైన చుక్కాని ఎన్ని డిగ్రీలు తిరిగిందో చూపే రడ్డర్ ఇండికేటర్. సాదా ఏర్పాటే, పని జరుగుతుంది. "స్టార్‌బోర్డ్ టెన్" (కుడికి పది డిగ్రీలు) అంటే ముందు ఆ మాట తిరిగి చెప్పాలి, తర్వాత తిప్పాలి, ఇండికేటర్ ముల్లు పది మీదకి వచ్చాక "వీల్ స్టార్‌బోర్డ్ టెన్" అని మళ్లీ చెప్పాలి. పిల్లలు తప్పేది మూడో మెట్టు దగ్గర: చక్రం తిప్పగానే చెప్పేస్తారు, ముల్లు వంక చూడరు. స్టీరింగ్ మోటార్ ఆగిపోయినా చక్రం తిరుగుతూనే ఉంటుంది, ముల్లే నిజం చెబుతుంది. ఈ సంగతి పదిసార్లు పట్టుబట్టి చేయించారు, మెచ్చుకోవాలి.

ఇక మోకు పాఠం. రెండు రోజులు, ఫీజులో సగం దీనికే ఇచ్చామనుకున్నా నష్టం లేదు. షెడ్డు వెనక సిమెంటులో దింపిన జంట బిట్స్ (మోకు చుట్టే ఇనప గుంజలు), మోటారుతో తిరిగి తాడు లాగే వార్పింగ్ డ్రమ్, పాత ఓడ నుంచి తెచ్చిన 60 మిల్లీమీటర్ల మోకు ఉన్నాయి. నేర్పేది రిటైరైన బోసన్. ఓడని జెట్టీకి కట్టే హెడ్ లైను, బ్రెస్ట్ లైను, స్ప్రింగు, స్టెర్న్ లైను ఏది ఎటు లాగుతుందో నేల మీద సుద్దతో ఓడ బొమ్మ గీసి, పిల్లల్నే తాళ్లు పట్టించి నిలబెట్టి చూపిస్తారు. స్ప్రింగు లేకపోతే ఓడ జెట్టీ వెంబడి ముందుకీ వెనక్కీ ఎందుకు జారుతుందో అక్కడ కళ్లకు కడుతుంది. చాలా ఓడల్లో ముందువైపు చీఫ్ ఆఫీసర్, వెనక సెకండ్, బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీద కెప్టెన్ పక్కన థర్డ్ ఉంటారని, కాబట్టి ఎవరి మాట వినాలో ఏ చివర ఉన్నామన్న దాన్నిబట్టి తెలుస్తుందని చెప్పడం చార్టు కంటే వందరెట్లు మేలు.

డ్రమ్ము మీద మూడు నాలుగు చుట్లు వేసి, ఒకడు చివర పట్టుకుని డ్రమ్ముకి మీటరు దూరంలో నిలబడాలి, ఇంకొకడు వెనక వచ్చే తాడు సర్దాలి. ఎక్కువ చుట్లు వేస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కి వదలనంటాయి, తక్కువైతే జారతాయి. జారుతున్న సింథటిక్ తాడు డ్రమ్ము వేడికి కరిగి అంటుకుంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా ఎగిరి వదులుతుంది. అందుకే వదలాల్సి వస్తే డ్రమ్ముని వెనక్కి తిప్పే వదలాలి.

తాడు డ్రమ్ము మీంచి బిట్స్ మీదకి మార్చే స్టాపర్ (మోకు జారకుండా కాసేపు పట్టే పొట్టి తాడు) పని ఇంకా ఓపిగ్గా చేయించారు. స్టాపర్ రెండు పాయల్ని మోకు కిందుగా ఒకసారి, పైనుంచి ఒకసారి అల్లుకుంటూ పోయి కొసలు బిగించి పట్టాలి. వించ్ మెల్లిగా సడలించి బరువు స్టాపర్ మీదకి వచ్చిందని చూశాక, మోకుని తీసి ముందు బిట్ చుట్టూ రెండు చుట్లు, తర్వాత ఎనిమిది అంకెలాగా రెండింటికీ. తీగ తాడుకి గొలుసు స్టాపర్, సింథటిక్ మోకుకి సింథటిక్ స్టాపర్, కానీ నైలాన్ వద్దు. నైలాన్ సాగుతుంది.

జువ్వలదిన్నె, కొత్తపట్నం వైపు నుంచి వచ్చిన మత్స్యకారుల పిల్లలకి ముడులు నేర్పాల్సిన పనే లేదు, కళ్లు మూసుకుని బౌలైన్ వేస్తారు. చిక్కంతా పడవ మీది అలవాట్లతోనే. తాడుకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడటం, కొసని చేతికి చుట్టుకోవడం, చెప్పుల్లేకుండా తిరగడం పడవ మీద చెల్లుతాయి. 220 మీటర్ల బల్క్ ఓడని పట్టుకున్న మోకు మీద పదుల టన్నుల లాగుడు ఉంటుంది. బోసన్ సార్ గొంతు ఆ రెండు రోజులూ ఒకటే: "ఏందబ్బాయ్, తాడు నీ కాళ్ల మధ్యన ఉండాదే!"

ఇంత మంచి పాఠంలోనూ రెండు లోపాలు. తాడు తెగితే కొట్టే చోటంటూ నేల మీద పసుపు గీతలు గీసి, గీత ఇవతల నిలబడితే క్షేమం అన్నారు. పాతకాలపు మాట. తాడు ఎక్కడ తెగుతుందో, మధ్యలో ఎన్ని ఫెయిర్‌లీడ్‌ల (తాడుకి దారి చూపే ఇనప అమరికల) మీంచి మలుపు తిరిగిందో దాన్నిబట్టి దెబ్బ దారి మారుతుంది. లాగుడు మీద తాడున్నంతసేపు మూరింగ్ డెక్ (ఓడని కట్టే పని జరిగే చోటు) మొత్తం ప్రమాదమే అని నేర్పాలి. రెండోది, వాళ్ల హీవింగ్ లైను (జెట్టీ మీదకి ముందుగా విసిరే సన్న తాడు) కొసన ఉన్న ముడిలో ఇనప నట్టు ఉంది, చేత్తో నొక్కితే తెలుస్తుంది. జెట్టీ మీద తాడందుకునే మనిషి తల పగిలేది దాంతోనే. అర కిలో మించని మెత్తటి గుడ్డ సంచి చాలు, విసిరే నేర్పు బరువుతో రాదు.

పైలట్ నిచ్చెన (రేవులోకి దారి చూపే పైలట్ ఓడెక్కే తాళ్ల నిచ్చెన) పాఠం ఒక్క పూటే అయినా కచ్చితంగా ఉంది. టేపు ఇచ్చి కొలిపిస్తారు. మెట్టుకీ మెట్టుకీ మధ్య 310 నుంచి 350 మిల్లీమీటర్లు, పక్క తాళ్లు కనీసం 18 మిల్లీమీటర్ల మందం, వాటి మధ్య కనీసం 400 మిల్లీమీటర్ల వెడల్పు, అడుగున నాలుగు మెట్లు రబ్బరువి, కింది నుంచి అయిదో మెట్టు 1.8 మీటర్ల పొడుగు స్ప్రెడర్ (నిచ్చెన మెలి తిరక్కుండా ఆపే మెట్టు). నీటి మట్టం నుంచి ఎక్కే ఎత్తు 9 మీటర్లు దాటితే ఒక్క నిచ్చెన చాలదు, గ్యాంగ్‌వేతో కలిపి కట్టాలి. నిచ్చెన బరువు పక్క తాళ్ల మీదే పడాలి: రోలింగ్ హిచ్ ముడి వేసి డెక్ మీది ప్యాడ్ ఐకి (ఇనప కన్నుకి) కట్టాలి, పై మెట్టుని రెయిలింగుకి తగిలించి వేలాడదీయకూడదు. ఇక్కడ సరిగ్గానే కట్టించారు. నిచ్చెనని పైకి లాగే రిట్రీవల్ తాడు అట్టడుగు స్ప్రెడర్‌కి గానీ దానికి పైన గానీ కట్టి, ఓడ ముందువైపుకి లాగాలన్నది మాత్రం చెప్పలేదు. కింద వదిలేస్తే పైలట్ బోటు దాన్ని తగులుకుని నిచ్చెనతో సహా లాక్కుపోతుంది.

రంగు పని గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. చిప్పింగ్ సుత్తి, తీగ బ్రష్ ఇచ్చి తుప్పు పట్టిన పలక కొట్టించారు, చేతులు బొబ్బలెక్కాయి. మంచినీళ్లతో ఉప్పు కడగకుండానే ప్రైమర్ వేయించారు. ఆ పలక మీద రంగు పొక్కులొచ్చి లేచిపోతుంది.

అసలు కోపం వచ్చేది హోల్డు (ఓడలో సరుకు నింపే గది) పాఠం దగ్గర. బొగ్గు దింపిన హోల్డుని ధాన్యానికి ఎలా తయారు చెయ్యాలో బొమ్మలు వేసి చూపించారు: ముందు పొడిగా ఊడ్చి ఎత్తెయ్యడం, సముద్రపు నీళ్లతో కొట్టడం, ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడగడం, నీళ్లు చేరే బిల్జి గుంటల మూతలకి గోనెపట్టా చుట్టడం. బాగుంది. లోపలికి దిగే ముందు ఏం చెయ్యాలన్న మాట మాత్రం ఒక్కటీ లేదు. 2008లో మొదలైనప్పటి నుంచి బొగ్గు ఓడలు చూస్తున్న కృష్ణపట్నం పక్కనే ఉండి ఈ పాఠం వదిలేశారు.

బొగ్గు ఆక్సిజన్‌ని తినేస్తుంది, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. హోల్డులోకి దిగే నిచ్చెన గది, దాని పక్క గదులు కూడా అంతే. సరుకే లేని లంగరు గొలుసు గదిలోనైనా తుప్పు ఒక్కటే గాలిని ఖాళీ చెయ్యగలదు. వాసన రాదు, దగ్గు రాదు, దిగినవాడు మోకాళ్లు మడతపడి పడిపోతాడు. పైన చూస్తున్న ఓఎస్ "అన్నా" అంటూ వెంటనే దూకుతాడు, రెండో శవం అదే. మూతలు తీసి గాలి ఆడించాలి, మీటరుతో పైన, మధ్య, అడుగున కొలవాలి, ఆక్సిజన్ మామూలు గాలిలో ఉన్నట్టే 20.9 శాతం దగ్గర చూపించాలి, ఆఫీసర్ సంతకం చేసిన పర్మిట్ ఉండాలి, గుమ్మం దగ్గర ఒక మనిషి నిలబడాలి, ఆ మనిషి ఎట్టి పరిస్థితుల్లోనూ లోపలికి దిగకూడదు. ఓడల మీద ఈ డ్రిల్లు రెండు నెలలకోసారి చెయ్యాలన్నది 2015 నుంచి నియమం. షెడ్డులో ఒక గ్యాస్ మీటరు కూడా లేదు. రంగు పనికిచ్చిన పూటని దీనికిస్తే సరిపోయేది.

చేరాలనుకునేవాళ్లు ముందు కంటి డాక్టరు దగ్గర ఇషిహారా పుస్తకంతో రంగుల పరీక్ష చేయించుకోవాలి. ఎరుపూ ఆకుపచ్చా తేడా పట్టలేని కళ్లకి డెక్ మీద వాచ్ ఉండదు, ఆ సంగతి ఆరు వేలు కట్టాక తెలియడం దండగ. ఆఖరి రోజు భోజనాల వేళ ఎవరో ఏజెంటు వచ్చి ఉద్యోగం ఇప్పిస్తానని కార్డులు పంచి పోతాడు. ఆర్‌పీఎస్‌ఎల్ (నావికుల్ని ఉద్యోగాల్లో పెట్టే) లైసెన్సు ఉన్న సంస్థ ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదన్నది చట్టం. ఆ సంస్థల జాబితా డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో ఉంటుంది, కార్డు మీది పేరు అందులో ఉందో లేదో చూసుకోండి.

షెడ్డుకి పక్క గోడలు లేవు. నవంబరు బ్యాచిలో చేరేవాళ్లు రెండో జత బట్టలు, జారని అడుగున్న బూట్లు తెచ్చుకోవాలి, మోకు పాఠం వానలోనూ ఆపరు.