కృష్ణానగర్‌లో కెమెరా అద్దెకు కావాలంటే ఈ షాపుకి వెళ్లొచ్చు, మైకులు తప్ప

రీల్స్ చేసే ఇద్దరు అక్కాచెల్లెళ్ల కథతో వెబ్ సిరీస్ పైలట్, అంటే మొదటి ఎపిసోడ్ తీశాం. సామాన్లన్నీ హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఓ గల్లీలో ఉన్న అద్దె షాపులోనే తీసుకున్నాం. కొత్తవాళ్లంటే అక్కడ చిన్నచూపు లేదు, నాకు బాగా నచ్చింది అదే.

మా కథ సగం ఫోన్ స్క్రీన్ మీదే నడుస్తుంది. కామెంట్లు, లైకులు, అర్ధరాత్రి చాటింగులు. ఆ క్లోజప్‌లలో నల్లటి చారలు పాకుతున్నాయని చెప్తే, కౌంటర్‌లో ఉన్న అన్న మా ఫోన్ తీసుకుని అక్కడే కెమెరా బిగించి చూపించాడు. బ్రైట్‌నెస్ బాగా తగ్గిస్తే చాలా ఓఎల్ఈడీ స్క్రీన్లు (ఇప్పటి ఫోన్లలో ఎక్కువగా వాడే రకం) కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి. అందుకని బ్రైట్‌నెస్ పెంచి, షటర్ వేగం, అంటే ఒక్కో ఫ్రేముకి కెమెరా వెలుతురు తీసుకునే సమయం, కొద్దికొద్దిగా మార్చుకుంటూ వచ్చాడు. చారలు పోయాయి! మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద వీడియో మినుకుమనకుండా సెకనుకి 25 ఫ్రేములు, 1/50 సెకను షటర్ పెట్టుకోమన్నాడు. పొద్దున్నే అంత రద్దీలో ఎవరు చెప్తారండీ ఇవన్నీ?

సోనీ కెమెరా శుభ్రంగా ఉంది, లైట్లు బాగున్నాయి. కాలర్ మైకులు మాత్రం ఇక్కడ వద్దు. ఒకదాని వైరు పిన్ను దగ్గర వదులైపోయి, హీరోయిన్ తల తిప్పినప్పుడల్లా గరగర. ఆ సీనంతా డబ్బింగ్ చెప్పించాల్సి వచ్చింది. మైకు అద్దె వదిలేశారు గానీ డబ్బింగ్ ఖర్చు మా నెత్తినే పడింది. ఏ షాపులోనైనా సరే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వైరు కదిపి విన్నాకే తీసుకోండి.

రెండో ఎపిసోడ్‌కీ కెమెరా, లైట్లు ఇక్కడే తీసుకుంటాం.